గడియారం ముందుందా, ముందుకు పోతా ఉందా?

సందేహం: మా ఇంట్లో పాతకాలం పెండ్యులం గడియారం ఉంది. అది 'పది నిమిషాలు ముందుంది' అంటాను నేను. మా అత్త 'ముందుకు పోతా ఉండాది' అంటుంది. రెండూ ఒకటేనా? అత్త మాట రాతలో వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ఒకటి కావు. 'ముందుంది' అన్నది స్థితి. అసలు టైము ఎనిమిదైతే గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది, అంతే. ముల్లు సరిచేస్తే ఆ మాటతో పని తీరిపోతుంది. 'ముందుకు పోతా ఉండాది' అన్నది నడక. ఇవాళ సరిచేసినా రేపటికి మళ్లీ కొంత ముందుకు పోతుంది.

ఈ రెండో జబ్బుకు మందు ముల్లులో లేదు, లోలకంలో (పెండ్యులంలో) ఉంది. లోలకం ఊగే వేగం ముఖ్యంగా దాని పొడవును బట్టి ఉంటుంది, దాని కొసన ఉండే బిళ్ళ బరువును బట్టి కాదు. సుమారు 99 సెంటీమీటర్ల లోలకం ఒక వైపు నుంచి రెండో వైపుకు రావడానికి ఒక సెకను పడుతుంది. అది ఒకసారి పోయి వచ్చేలోగా, ముళ్లను కదిలించే పళ్లచక్రం ఒక పన్ను మేర మాత్రమే కదలగలదు. పొడవు తగ్గితే ఊపు త్వరపడుతుంది, ముళ్లూ త్వరపడతాయి. కాబట్టి మీరు బిళ్ళ కింది నట్టును కాస్త వదులు చేసి బిళ్ళను దించాలి. ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. లోలకపు ఉక్కు కడ్డీ 10 డిగ్రీలు వేడెక్కితే ఆ కాస్త సాగుడుకే గడియారం రోజుకు సుమారు 5 సెకన్లు వెనకపడుతుంది. రోహిణి కార్తెలో 'వెనకుంది' అని ఊరుకుంటే చాలదు, 'వెనకపడతా ఉంది' అనాల్సిందే.

1656లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ గడియారానికి లోలకం తగిలించాక, రోజుకు పావుగంట దాకా ఉండే తేడా సెకన్లలోకి దిగింది. అలాగని 'లోలకం గడియారాన్ని నడుపుతుంది' అని రాయకండి. నడిపేది కీ ఇచ్చిన స్ప్రింగు, లేదా వేలాడే బరువు. లోలకం ఆ నడకకు తాళం వేస్తుంది (కచేరీలో వేసే తాళం సుమా, తలుపుకు వేసేది కాదు).

ఇక రాత సంగతి. 'పోతూ'ను 'పోతా' అనడం, 'ఉంది'ని 'ఉండాది' అనడం నెల్లూరు పక్క వాడుకే, తప్పు కాదు. పాఠ్యపుస్తకంలోనైతే 'పోతోంది' అని రాయండి. కథ రాస్తే మాత్రం మీ అత్తగారి మాటను దిద్దకండి.