నీది కాని చలానా కట్టకు, నీదైతే ఇవాళే కట్టు

చిన్నతల్లీ,

నువ్వు ఎప్పుడూ వెళ్లని రోడ్డులో సిగ్నల్ జంప్ చేశావని నీ స్కూటీకి చలానా వచ్చిందనీ, కోర్టుకైనా వెళ్తాను గానీ కట్టనంటున్నావనీ వదిన రాత్రి ఫోన్‌లో చెప్పింది. "పోనీలే, కట్టేయమని నువ్వైనా చెప్పు" అంది. నేను చెప్పను. మన ఇంట్లో ఇంతవరకూ "ఇది నాది కాదు" అని అడిగినవాళ్లు లేరు, నువ్వు అడుగుతానంటే నాకు ఎంత గర్వంగా ఉందో! గుబులుగానూ ఉంది, అదెందుకో తర్వాత చెప్తాను.

ముందు ఆ చలానా ఫొటో పెద్దది చేసి చూడు. బండి ఏ మోడల్, ఏ రంగు, నంబరులో ఒక్కో అంకె. ప్లేటు మీద కాస్త మట్టి పడితే చాలు, 3 కాస్తా 8 అయిపోతుంది. కెమెరా చలానా అంటే నంబరు కనిపించే ఫొటో, చోటు, తేదీ, టైము ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో తెచ్చిన 167ఏ చెబుతోంది, అవి లేకపోతే ఫిర్యాదులో ఆ మాటే రాయి. నీ బండికి వెనక నుంచి ఫొటో తీసి, ఆర్‌సీ, ఆ టైముకి ఆఫీసులో ఉన్నట్టు హాజరు కలిపి చలానా సైట్‌లోనే ఫిర్యాదు పెట్టు. వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) మాత్రం పొరపాటున కూడా తెరవకు, ఖాతా ఖాళీ చేస్తారు. "ఇప్పటికి కట్టేసి తర్వాత అడుగుదాం" అనుకోకు, కట్టాక కేసు అక్కడితో ముగిసినట్టే.

ఇక గుబులు సంగతి. నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు మీ నాన్న పాత స్కూటర్ అమ్మేశాడు, గుర్తుందా? బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చి, కొన్నవాడు "పేరు నేను మార్పించుకుంటా సార్" అంటే నమ్మి తాళాలు చేతిలో పెట్టాడు. అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలని చట్టంలో ఉంది. ఈయన తెలపలేదు, వాడు మార్పించుకోలేదు. కొన్నాళ్లకి ఫోన్‌కి చలానాలు రావడం మొదలైంది. ఒక ఫొటోలో ముగ్గురు కుర్రాళ్లు, ఒక్కడికీ హెల్మెట్ లేదు, వెనకవాడు కెమెరా వైపే చూసి నవ్వుతున్నాడు. "బండి నా దగ్గర లేదుగా, నాకెందుకు?" అని మీ నాన్న ఒక్కో మెసేజ్ డిలీట్ చేస్తూ పోయాడు. మొదటి చలానా రాగానే ఆర్టీఏకి పరిగెత్తి ఉంటే ఎంత బాగుండేది! ఆ బండి ఒక పెద్దాయన్ని గుద్దింది. ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. నష్టపరిహారం కేసు నోటీసు ఆర్‌సీలో ఉన్న పేరు మీదే వచ్చింది. బండి ఎవరి దగ్గరున్నా రికార్డులో పేరున్నవాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు కూడా 2018లో చెప్పింది. అన్నయ్య వరండాలో నిలబడి ఆ కాగితం చివరిదాకా చదవడం, మళ్లీ మొదటికి రావడం నేను చూశాను. ఆ డబ్బు ఏళ్లతరబడి కట్టాడమ్మా, నీకు తెలియనివ్వలేదు. నువ్వూ అడగకు.

అందుకే చెప్తున్నాను, ఫొటోలో వేరే బండి మీద అచ్చంగా నీ నంబరే ఉంటే అది కెమెరా పొరపాటు కాదు, ఎవడో నీ నంబరు తగిలించుకుని తిరుగుతున్నాడు. ఆ రోజే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకో. వాడు రేపు ఎవరినైనా గుద్దితే వెతుక్కుంటూ నీ గుమ్మానికే వస్తారు.

అన్నట్టు, నీ మీద రెండో చలానా కూడా ఉందట, వెనక కూర్చున్న నీ స్నేహితురాలికి హెల్మెట్ లేదని. అది నీదే, వాదించకుండా కట్టేయ్. ఈ తప్పుకి చట్టంలో వెయ్యి రూపాయల జరిమానాతో పాటు 3 నెలలు లైసెన్స్ పోయే సెక్షన్ ఉంది. అసలు హెల్మెట్ లేని పిల్లని ఎందుకు ఎక్కించుకున్నావే? పడితే ఆ తల్లికి ఏం చెప్పేదానివి? రెండో హెల్మెట్ నేనే కొని పంపుతున్నాను, డిక్కీలో పట్టకపోతే చేతికి తగిలించుకుని తిరుగు.

ఫిర్యాదు పెట్టగానే దాని నంబరు నాకు పంపు. అక్కడ తేలక కోర్టుకి వెళ్లాల్సి వస్తే నేనూ సెలవు పెట్టి వస్తాను. మాట్లాడాల్సింది మాత్రం నువ్వే.

మీ బాబాయ్