టిక్ టిక్ మంటోందని గ్రీజు కుక్కేయకు

ఒరేయ్ చిన్నా,

కొత్త సైకిల్ తొక్కడం ఆపగానే వెనక చక్రంలోంచి చప్పుడొస్తోంది, షాపుకెళ్ళి గ్రీజు పెట్టించేస్తాను పెదనాన్నా అని మెసేజ్ పెట్టావు. ఆగు. ముందు ఇది చదువు.

వెనక చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఉండే గుండ్రటి భాగాన్ని హబ్ అంటారు. దాని లోపల ఒక పళ్ళ రింగు, దానికి ఆనుకుని స్ప్రింగులు నొక్కిపెట్టే చిన్న ఇనప కొక్కేలు ఉంటాయి, వాటినే పాల్స్ అంటారు. నువ్వు తొక్కుతున్నంతసేపూ అవి పళ్ళను పట్టుకుని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం ఆపావనుకో, చైను ఆగుతుంది గానీ చక్రం ఆగదు కదా, అప్పుడా కొక్కేలు ఒక్కో పన్ను ఎక్కి టక్కున కిందికి పడుతుంటాయి, నీకు వినిపించేది అదే. 36 పళ్ళ హబ్ అయితే గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 120 దెబ్బలు! అందుకే మెల్లగా పోతుంటే టిక్ టిక్, పల్లంలో వదిలేస్తే జుయ్యిమని తుమ్మెద మోత.

మోత ఎక్కువుంటే ఖరీదైన హబ్ అని మీ కుర్రాళ్ళు అనుకుంటారు గానీ అదేం లెక్క కాదు. హోప్ కంపెనీ హబ్బులు గోల చేస్తాయి, షిమానోవి చాలావరకు గుట్టుగా ఉంటాయి, ఓనిక్స్ వాళ్ళ వాటిలో అసలు కొక్కేలే ఉండవు కాబట్టి చప్పుడే రాదు, ధర చూస్తే మాత్రం మనకే నోట మాట రాదు. పళ్ళు ఎక్కువుంటే లాభం వేరే ఉంది. 18 పళ్ళ రింగులో కొక్కెం పన్ను పట్టుకోవడానికి ఒక్కోసారి 20 డిగ్రీల దాకా ఖాళీగా తిరగాలి, 72 పళ్ళదైతే 5 డిగ్రీలు చాలు. రాళ్ళ దారిలో తొక్కేవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది, ఆఫీసుకెళ్ళే నీకెందుకు? లోతైన కార్బన్ రిమ్ము ఉంటే లోపల డొల్ల కాబట్టి డోలులా ఇంకా మోగిస్తుంది.

ఇక గ్రీజు సంగతి. నీ వయసులో నేనూ ఈ చప్పుడు భరించలేక మా నల్ల సైకిల్ ఫ్రీవీల్‌లో, అంటే ఆ కొక్కేలుండే భాగంలో, చిక్కటి గ్రీజు కూరాను. రెండు రోజులు హాయిగా ఉంది. మూడోరోజు పొద్దున్నే చలికి గ్రీజు గట్టిపడి కొక్కేలు లేవలేదు, వంతెన ఎక్కుతూ నిలబడి తొక్కుతుంటే పెడల్ ఖాళీగా తిరిగిపోయి ఛాతీ వెళ్ళి హ్యాండిల్‌కి కొట్టుకుంది. వెనక లారీ లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చప్పుడు మరీ చిరాకైతే హబ్ విప్పించి, పాత జిడ్డు తుడిపించి, ఆ కంపెనీ చెప్పిన పల్చటి గ్రీజే కొంచెం రాయించు. వాటర్ సర్వీసింగ్ దగ్గర పైపు పెట్టి హబ్ మీద కొట్టించకు, లోపలి గ్రీజు పోయి బేరింగుల్లోకి నీళ్ళు దిగుతాయి.

నువ్వు కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. తొక్కుతున్నప్పుడు కూడా కరకరమంటే బేరింగో చైనో చూపించు. తొక్కడం ఆపగానే పై చైను వదులై వేలాడితే లోపల బిగుసుకుంటోందని అర్థం. అన్నిటికంటే ముఖ్యం, రోజూ వచ్చే టిక్ టిక్ ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోతే సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ షాపుకి వెళ్ళు.

ఆదివారం వెనక చక్రం పైకెత్తి తిప్పి, ఆ చప్పుడు వీడియో తీసి పంపు, వింటాను. పెద్దమ్మ అడిగానంది.

మీ పెదనాన్న