ఎడమ, కుడి రెండూ చూశాకే నమ్ము

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సింక్రోట్రాన్‌లో (ఎలక్ట్రాన్లను వేగంగా తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రంలో) నీకు సమయం దొరికిందని తెలిసి చాలా సంతోషించాను. అతివాహకంలోకి, అంటే బాగా చల్లారిస్తే విద్యుత్తుకు నిరోధమే లేని పదార్థంలోకి, అయస్కాంత అభివాహం (అయస్కాంత క్షేత్ర రేఖల గుంపు) ఎలా చొరబడుతుందో ఎక్స్‌రే మైక్రోస్కోపుతో చూడబోతున్నావు కాబట్టి, ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకో. నీకు కనిపించేది అతివాహకం కాదు, దాని మీద పరిచిన మృదు అయస్కాంత పొర, అంటే చిన్న క్షేత్రానికే దిశ మార్చుకునే పొర. కింద వైబీసీఓలో (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన నీ అతివాహకంలో) ప్రవహించే విద్యుత్తు పుట్టించే అయస్కాంత క్షేత్రం పైనున్న కోబాల్ట్-ఇనుము-బోరాన్ పొర అయస్కాంతత్వాన్ని తన వైపు తిప్పుకుంటుంది. ఎక్స్‌రే చదివేది ఆ తిరుగుడునే.

వలయ ధ్రువిత కిరణాన్ని, అంటే విద్యుత్ క్షేత్రం ఎడమకో కుడికో సుడి తిరుగుతూ సాగే ఎక్స్‌రేను, ఇనుము అయితే 707, కోబాల్ట్ అయితే 778 ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర నిలుపు. అయస్కాంతత్వం ఎటు ఉందన్నదాన్ని బట్టి శోషణ మారుతుంది. అది పొర తలంలోనే పడుకుని ఉంటుంది కనుక నమూనాను వాలుగా పెట్టాలి. కిరణం నిట్టనిలువుగా పడితే ఏమీ తేలదు.

నా తొలి రోజుల్లో అతివాహకపు పల్చని ఫిల్మ్ అంచు నుంచి లోపలికి పాకిన తెల్లని చారను చూసి అభివాహమే అనుకున్నాను. రాత్రంతా దాని చుట్టూనే తిరిగాను. తెల్లవారుజామున ధ్రువణం ఎడమ నుంచి కుడికి మార్చి చూస్తే ఆ చార అలాగే తెల్లగా ఉంది! అది గీత పడిన చోటు. అయస్కాంతత్వం వల్ల వచ్చిందైతే తెలుపు నలుపయ్యేది. అందుకే ప్రతి చోటా రెండు ధ్రువణాలతోనూ చిత్రం తీయి. సమయం వృథా అని ఎవరన్నా వినకు.

ఫిల్మ్ కింద ఉండే ఆధారపు పలక మందంగా ఉంటే మృదు ఎక్స్‌రే (తక్కువ శక్తి గల ఎక్స్‌రే) దాన్ని దాటి రాదు, ఉపరితలం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లనే లెక్కించాలి. అవి పైనున్న కొద్ది నానోమీటర్ల లోతు నుంచే వస్తాయి. శూన్యంలో మిగిలిన నీటి ఆవిరి చల్లని నమూనా మీద గడ్డకడితే సంకేతం క్రమంగా చచ్చిపోతుంది. ఆ ఆవిరి కవచం మీదే గడ్డకట్టేలా చుట్టూ ఉన్న చల్లని కవచాన్ని ముందు చల్లార్చు, నమూనాను చివరగా. చల్లారేటప్పుడు పీఠం ముడుచుకుని నమూనా పక్కకు జరుగుతుంది, కాబట్టి ఫిల్మ్ మీద గుర్తుపట్టగల మూల ఒకటి ముందే చూసి పెట్టుకో.

బయటి అయస్కాంత క్షేత్రం లేకుండానే నమూనాను వైబీసీఓ అతివాహకంగా మారే 92 కెల్విన్‌ల కిందికి దించు, ఆ తర్వాతే క్షేత్రం పెంచు. కొత్త కొలతల క్రమం మొదలుపెట్టే ముందు మళ్లీ ఆ ఉష్ణోగ్రత దాటించు, లేకపోతే లోపల చిక్కుకున్న పాత అభివాహం కొత్తదానితో కలిసిపోతుంది. పై పొర తన సొంత జ్ఞాపకాన్ని కూడా పట్టుకుని ఉండవచ్చు; అతివాహకత పోయాక అదే చోటును ఒకసారి చిత్రించి పక్కన పెట్టుకో. క్షేత్రం ఎప్పుడు ఎంత పెంచావో, ఎంత తగ్గించావో చేతితో పుస్తకంలో రాయి.

మొదటి జంట చిత్రాలు రాగానే నాకు పంపు. తేడా తీసిన చిత్రం ఒక్కటే కాదు, ఎడమది, కుడిది, రెండూ.