ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని బయట ఆడనివ్వొచ్చా? నాకైతే ఎండ కన్నా నీడతోనే టెన్షన్

బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు, కొత్తగా అపార్ట్‌మెంట్‌కి మారాం, సెలవులన్నాళ్లూ ఇంట్లో కూర్చోబెట్టలేం, బయటికి వదలాలంటే భయం అని రాశారు కదా. వదలండి. మాది హైదరాబాద్‌లో మల్కాజిగిరి, మా ఇద్దరు పిల్లలూ ఈ బిల్డింగు చుట్టూ ఆడుకునే పెరిగారు. టోపీ పెట్టండి, మజ్జిగ పట్టండి అని అందరూ చెప్పేదే, అదీ నిజమే. కానీ మిట్టమధ్యాహ్నం ఏ పిల్లాడూ ఎండలో నిలబడడు, చల్లగా ఉన్న చోటు వెతుక్కుంటూ పోతాడు. మన సిటీలో ఆ చల్లటి చోట్లు ఏమిటంటే సెల్లారు, ఆగి ఉన్న కారు, నీళ్ల సంపు పక్కన. చూసుకోవాల్సింది ముందు అవి.

2023 మేలో హయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిద్రపోతున్న చిన్న పాప మీదకి కారు ఎక్కింది, మీకూ గుర్తుండే ఉంటుంది. పనికొచ్చిన తల్లి ఎండకి తాళలేక నీడ ఉంది కదా అని అక్కడ పడుకోబెట్టింది. బయటి వెలుతురులోంచి ర్యాంపు దిగితే నడిపేవాళ్లకి కాసేపు కళ్లు కనపడవు, దానికి తోడు ఇప్పుడొచ్చే పెద్ద కార్ల బానెట్ ముందు నాలుగేళ్ల పిల్ల నిలబడితే తల కూడా కనపడదు. మా అసోసియేషన్ మీటింగులో ఒకాయన అసలు పిల్లల్ని సెల్లార్‌లోకే రానివ్వొద్దన్నారు. ఎందుకు రారు, ఎండలో ఎక్కడికి పోతారు? గొడవపడి గొడవపడి చివరికి పగలు ఆఫీసుకెళ్లిపోయేవాళ్ల పార్కింగు జాగాలు, లిఫ్టు వైపువి, పిల్లలకి వదిలేలా ఒప్పించాం. అడ్డంగా పూలకుండీలు పెట్టాం, పగలైనా సరే హెడ్‌లైట్లు వేసుకునే దిగాలని ర్యాంపు మీద రాయించాం. క్యారమ్స్, అష్టాచెమ్మా అన్నీ ఆ మూలనే.

ఇక సంపు. మూత ఎప్పుడూ వేసే ఉంటుంది అనుకుంటాం, ఏప్రిల్ వచ్చి ట్యాంకర్లు మొదలయ్యాక చూడండి. ఆ లావుపాటి పైపు లోపలికి దించి మూత పక్కకి లాగేస్తారు, డ్రైవరు వాల్వు దగ్గర, వాచ్‌మన్ ఫోన్లో, పైపు జాయింటు దగ్గర చల్లగా నీళ్లు చిమ్ముతుంటే పిల్లలంతా అక్కడే చేతులు పెట్టి ఆడుతుంటారు. సంపు అంచు తడిసి జారుతుంటుంది. ట్యాంకర్ వచ్చినప్పుడు ఒక పెద్ద మనిషి అక్కడ నిలబడాలి, మూత వేసి తాళం పెట్టేదాకా కదలకూడదు. మా దగ్గర ఏ ఫ్లాటువాళ్లు ట్యాంకర్ బుక్ చేస్తే ఆ డ్యూటీ వాళ్లదే.

కారు సంగతి వేరే చెప్పక్కర్లేదు, 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు ఆడుకుంటూ కారెక్కి అందులోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎండలో ఆగిన కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. ఇంటి ముందు ఆపినా లాక్ చేయండి, తాళాలు పిల్లలకి అందకుండా పెట్టండి. బాబుకి హారన్ నొక్కడం నేర్పండి, చాలా కార్లలో ఇంజిన్ ఆపి ఉన్నా అది మోగుతుంది, మీ కారులో మోగుతుందో లేదో ఒకసారి చూసుకోండి.

ఎండలో ఆటంటారా, పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మళ్లీ సాయంత్రం ఐదున్నర దాటాక. ఏటా జీహెచ్‌ఎంసీ గ్రౌండ్లలో పెట్టే సమ్మర్ క్యాంపులు కూడా పొద్దున్నే ఉంటాయి, ఫీజు నామమాత్రం, బాబుని చేర్పించండి. పార్కులో జారుడుబండ ఎక్కించేముందు మీ చెయ్యి ఆనించి చూడండి, సాయంత్రమైనా కొన్ని కాలుతూనే ఉంటాయి. ఆటలో పడితే దాహం వేస్తోందని పిల్లలు చెప్పరు, మనమే పిలిచి తాగించాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్లు చాలట్లేదన్నమాట. ఓఆర్ఎస్ కావాలంటే మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకోండి, పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. అట్టడబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. ఆ ఫార్ములా లేనివాటి మీద ఓఆర్ఎస్ అనే పేరే వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశమిచ్చింది, దానికోసం ఏళ్లపాటు పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారే.

ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, మగతగా పడిపోయినా అది వడదెబ్బ, మామూలు జ్వరం కాదు, పారాసెటమాల్ పనిచేయదు. నీడలోకి తెచ్చి బట్టలు వదులు చేసి ఒళ్లంతా తడుపుతూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి, ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి.

కుక్క కరిచినా, గీరినా కారం పసుపు అద్దే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మాట వినకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా వేయించండి, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో, నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. చర్మం తెగి రక్తం వస్తే, గాయం చిన్నదైనా సరే, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో ఇంజెక్షన్ కూడా కావాలి, అడగండి.

సాయంత్రం గాలివాన మొదలైతే ఆట ఆపేయడమే. చెట్టు కిందకి, కరెంటు స్తంభం దగ్గరికి పోనివ్వొద్దు, నీళ్లు నిలిచిన రోడ్డు మీద అసలే నడిపించొద్దు, కింద మ్యాన్‌హోల్ ఉందో నాలా ఉందో తెలీదు. ఇంకొకటి, అన్నయ్య ఉన్నాడు కదా అని పాపని బాబుకి అప్పజెప్పకండి. బ్యాటింగ్ వచ్చిందంటే ఏడేళ్లవాడికి చెల్లెలు ఎక్కడ గుర్తుంటుంది? మీ ఫ్లోర్‌లో ఇద్దరు ముగ్గురు తల్లులతో మాట్లాడి గంటకొకరు వంతులేసుకోండి.