మేనేజరైన మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి అత్త ఆశీస్సులు.

నీకు తొమ్మిది మంది టీమును అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. నాకూ గర్వంగానే ఉంది, కానీ ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. చిన్నప్పుడు తమ్ముడికి లెక్కలు చెప్పమంటే పెన్సిలు లాక్కుని నువ్వే చేసేసేదానివి. వాడికి మార్కులు వచ్చాయి, లెక్కలు రాలేదు. బెంగళూరు మారతహళ్లి ఆఫీసులోనూ అదే చేస్తావేమోనని నా బెంగ. కుర్రవాడు తడబడుతుంటే కీబోర్డు నీవైపు లాక్కోకు. పక్కన కూర్చుని "ఇప్పటిదాకా ఏమేం చూశావు?" అని అడిగి, ఆ తరవాత నోరు మూసుకో. నీకిది ఏకాదశి ఉపవాసం కన్నా కష్టమని తెలుసులే.

గూగుల్ సంస్థ తన మంచి మేనేజర్లలో ఏముందో ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో వెతికితే తేలిన ఎనిమిది లక్షణాల్లో మొదటిది మంచి కోచ్‌గా ఉండటం, చివరిది సాంకేతిక నైపుణ్యం. నీ కోడింగ్ చూసి పదవి ఇచ్చి ఉంటారు కాబట్టి ఈ మాట నీకు రుచించదు.

వారానికోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా మాట్లాడు. తప్పుంటే నలుగురిలో అనకు. రాత్రి పదకొండింటికి సందేశాలు పెట్టకు. "రేపు చూడు" అని రాసినా వాళ్లు అప్పుడే చూస్తారు.

ఇక అసలు సంగతి. నేను ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే రోజుల్లో మా మేనేజరు ప్రతి శుక్రవారం ఒక పట్టిక అచ్చుతీసి మంచినీళ్ల ఫిల్టరు పక్కన అంటించేవాడు. ఎవరు ఎన్ని బగ్గులు, అంటే ప్రోగ్రాములో తప్పులు, పట్టారో పేరుపేరునా లెక్క. అడుగున ఉన్న మూడు పేర్లకు ఎర్రరంగు. నెల తిరక్కముందే అందరికీ కిటుకు తెలిసిపోయింది. ఒకే అక్షరదోషం నాలుగు పేజీల్లో కనిపిస్తే నాలుగు బగ్గులు రాసేవాళ్లు. రెండు రోజులు తవ్వితే ఒక్క బగ్గు దొరికే బిల్లింగ్ జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు, ఒక్క కడప అమ్మాయి తప్ప. లెక్కల్లో తేడా వస్తే అందరం ఆమె దగ్గరికే పరిగెత్తేవాళ్లం, తన పని ఆపి మరీ చూపించేది. ఆ సాయానికి పట్టికలో గడి లేదు. ఎప్పుడు చూసినా ఆమె పేరు ఎర్రగానే ఉండేది. ఆ ఏడాది ఆమెకు అందరికన్నా తక్కువ రేటింగ్ ఇచ్చారు. ఒక్క మాట అనకుండా రాజీనామా చేసి వెళ్లిపోయింది. తరవాతి విడుదలలో పన్ను లెక్క తప్పి అది కస్టమరు దాకా పోయింది. మేనేజరు దుర్మార్గుడేమీ కాదు. పైవాళ్లు అంకెలు అడిగారు, ఇచ్చాడు. కొలతనే గురి చేసుకుంటే ఆ కొలత చెడిపోతుందన్న సంగతిని చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లోనే చెప్పాడు. మా ఫిల్టరు దాకా అది రాలేదు.

ఇప్పుడు నీకు పట్టిక అంటించే పని కూడా లేదు, ఎవరి పని ఎంతయిందో లెక్క చూపే జిరా సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు. పైగా పిల్లలు ఏఐతో కోడ్ రాయిస్తున్నారు కాబట్టి అంకెలు ఇంకా ఘనంగా కనిపిస్తాయి. వాళ్ల కోడ్ రివ్యూలో "ఇది ఎక్కడ విఫలం కావచ్చు?" అని అడుగు, ఎవరికి ఎంత అర్థమైందో తెలుస్తుంది. అంకెలు పైకి పంపు, వద్దనను. కానీ రేటింగులు రాసేముందు "నువ్వు ఇరుక్కుంటే ఎవరిని అడుగుతావు?" అని తొమ్మిది మందినీ విడివిడిగా అడుగు. ఎక్కువమంది ఎవరి పేరు చెబితే ఆ మనిషి దగ్గర కూర్చుని, వాళ్ల రోజంతా ఎటు పోతోందో కనుక్కో.

వాళ్లేం చెప్పారో ఆదివారం మల్లేశ్వరం వచ్చి నాకు చెప్పు. వంకాయ కూర చేస్తాను. ట్రాఫిక్ సాకు ఆదివారం చెల్లదు.

నీ అత్త