కొత్త గుండెతో మళ్లీ గ్రౌండ్‌కి రావాలనుకునే నా శిష్యురాలికి

బిడ్డా,

పడుకుని ఉన్నా వాచీలో గుండె వేగం వంద దాటి చూపిస్తోందని, రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. మార్పిడి చేసిన గుండె ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకోవడం మామూలే, నాకూ గుండె మార్చి ఇన్నేళ్లయినా తొంభైకి కిందికి దిగడం అరుదు. దాత ఒంట్లోంచి గుండెను తీసేటప్పుడు రక్తనాళాలతో పాటు నరాలు కూడా తెగిపోతాయి. నాళాలను సర్జన్ కుడతాడు, నరాలను కుట్టడం కుదరదు. మనిషి తీరిగ్గా ఉన్నప్పుడు గుండెను నెమ్మదిగా నడిపించేది మెదడు నుంచి దిగే వేగస్ నరం, అదే తెగిపోయాక గుండె తన సొంత వేగంతో కొట్టుకుంటుంది. కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని నరాలు మళ్లీ పెరుగుతాయి కానీ నువ్వు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ఈ నరాల సంగతి బాగా అర్థం చేసుకో, ఇకమీదట నువ్వు చేసే ప్రతి ఎక్సర్‌సైజూ దీని మీదే ఆధారపడి ఉంటుంది. స్కూల్లో ఉన్నప్పుడు వీపు మీద చెయ్యి పడి "ఖో" అని వినపడగానే లేచి ఉరికేదానివి, నీతో పాటే నీ గుండె కూడా క్షణాల్లో వేగం అందుకునేది. ఇప్పుడు ఆ కబురు నరాల మీదుగా రాదు. నువ్వు కదలడం మొదలుపెట్టాక అడ్రినలిన్ లాంటి హార్మోన్లు రక్తంలో కలిసి గుండెను చేరాలి, అప్పుడు గానీ అది వేగం పెంచదు, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆపేటప్పుడు కూడా అంతే, నువ్వు నిలబడ్డాక కూడా అది కాసేపు జోరుగానే కొట్టుకుంటుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. అందుకే మొదట పది నిమిషాలు నెమ్మది నడక, చివర పది నిమిషాలు నెమ్మది నడక, ఈ రెండూ తప్పనిసరి. టైం లేకపోతే మధ్యలో చేసేది తగ్గించుకో, ఈ రెండింటినీ మాత్రం కోయకు. జోరుగా నడిచి టక్కున ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి, ఆగాలనిపించినా అడుగులు వేస్తూనే ఆగు.

ఇంకో మాట. వాచీలో ఇంత నంబర్ రావాలి అని టార్గెట్ పెట్టే చార్టులు మనకు పనికిరావు. ఒక జిమ్‌లో ట్రైనర్ నా వయసు అడిగి, లెక్క కట్టి, ఆ వేగం వచ్చేదాకా ట్రెడ్‌మిల్ దిగొద్దన్నాడు. పాపం ఆ పిల్లాడికి తెలియదు, నేను దండం పెట్టి బయటికొచ్చేశాను. మనకు కొలత ఊపిరే. నడుస్తూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఉండాలి. ఎంత శ్రమ అనిపిస్తోందో అంకెల్లో చెప్పే బోర్గ్ స్కేల్‌ను మీ ఫిజియో చూపించే ఉంటుంది, 6 నుంచి 20 దాకా ఉంటుంది, నీకు అనిపించే శ్రమ అందులో 11 నుంచి 13 మధ్య ఉండేలా చూసుకో.

ఇక కాళ్ల సంగతి. అందరూ గుండె గురించే భయపడతారు గానీ ఇప్పుడు నీ ఒంట్లో బలహీనంగా ఉన్నది తొడలు, తుంటి కండరాలు. ఆపరేషన్‌కి ముందు నెలల తరబడి మంచం, ఆ తర్వాత ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఆ మాత్ర తుంటి, భుజం దగ్గరి పెద్ద కండరాలను కరిగిస్తుంది, ఎముకల్లో బలం తగ్గిస్తుంది, షుగర్ పెంచుతుంది. అది లేకుండా ఇప్పుడు కుదరదు కాబట్టి కండను మనమే నిలబెట్టుకోవాలి. ఇంట్లో చేతుల్లేని గట్టి కుర్చీ ఉంటే గోడకి ఆనించి వెయ్యి. అంచుకు జరిగి కూర్చో, పాదాలు మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి పెట్టు, రెండు చేతులూ ఛాతీ మీద కత్తెరగా పెట్టుకుని ముందుకు వంగి లే. కూర్చునేటప్పుడు ధబ్బున పడొద్దు, మూడు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా దిగు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టొద్దు. మొదట్లో నాలుగైదుసార్లకే తొడలు వణుకుతాయి, కొత్త గుండెను ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్‌తో చేతులు ఎలాగూ వణుకుతుంటాయి, అవి చూసి మీ అమ్మ కంగారు పడుతుంది, నువ్వు పడకు. రోజు విడిచి రోజు చెయ్యి, రెండు వారాల్లో మెట్లెక్కేటప్పుడు తేడా నీకే తెలుస్తుంది.

ఛాతీ మధ్య ఎముకను కోసి కుట్టారు కదా, అది అతుక్కోవడానికి దాదాపు మూడు నెలలు. అప్పటిదాకా నిండు బిందె ఎత్తడం, బరువు తలుపులు నెట్టడం, స్కూటీ నడపడం, పుషప్‌లు ఏవీ వద్దు. నీకు ఇంకా ఆ గడువు పూర్తి కాలేదు. ఆ తర్వాత కూడా డాక్టర్ చూసి సరే అన్నాకే చిన్న డంబెల్స్. గుండెలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ అయిన రోజు రెస్ట్. రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త గుండెను తిప్పికొడుతోందని ట్రీట్‌మెంట్ ఇస్తున్నప్పుడు డాక్టర్లు చెప్పేదాకా ఎక్సర్‌సైజు బంద్.

ఈ పేరా మీ అమ్మకు కూడా చదివి వినిపించు. నరాలు తెగిన గుండెకు నొప్పి చెప్పుకునే దారి కూడా చాలావరకు మూసుకుపోయింది, కాబట్టి ఛాతీలో నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. నిన్న సులువుగా నడిచిన దూరం ఇవాళ ఆయాసం తెప్పిస్తే, కాళ్లు వాస్తే, ఒకట్రెండు రోజుల్లోనే బరువు కిలోకి పైగా పెరిగితే, గుండె తప్పి తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే, జ్వరం 100.4 దాటితే, ఆ రోజు నడక మానేసి వెంటనే ఆసుపత్రిలో మార్పిడి పేషెంట్లను చూసుకునే కోఆర్డినేటర్‌కి ఫోన్ చెయ్యాలి. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, రాత్రి పన్నెండైనా చెయ్యి. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రం వేసుకోవద్దు, టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. బలానికి మంచిదని ఎవరో ఒకరు తిప్పతీగ రసం, అశ్వగంధ తెస్తారు, అవీ వద్దు. పంపర పనస కూడా తినకూడదు, రక్తంలో టాక్రోలిమస్ మోతాదును పెంచేస్తుంది. కల్లు సంగతి చెప్పనక్కర్లేదు అనుకుంటున్నా, మీ బాబాయి ఇంటికి పోయినప్పుడు జర గుర్తుంచుకో.

నల్లగొండ ఎండ నీకు తెలుసు. మార్చి నుంచి తెల్లారేసరికే బయల్దేరి ఎండ ముదరకముందే ఇంట్లో ఉండాలి. మనం వాడే మందులతో చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, టోపీ, పొడుగు చేతులు, సన్‌స్క్రీన్ ఏడాది పొడుగునా ఉండాల్సిందే. పానగల్ ఉదయసముద్రం కట్ట మీద గాలి బాగుంటుంది, నడక అక్కడే పెట్టుకో, చెరువులోకి మాత్రం దిగొద్దు, ఊరి బావిలో ఈత కూడా వద్దు. గ్రౌండ్ ఊడుస్తున్నప్పుడు, పెంట కుప్పల పక్కన, కోళ్ల ఫారం దగ్గర నిలబడొద్దు, ఆ దుమ్ములో ఉండే ఫంగస్ మన ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది. లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఇప్పుడే కాదు, చదునైన నేల మీద నలభై నిమిషాలు హాయిగా నడవగలిగాక చూద్దాం.

అసలు ప్రశ్నకు వస్తా, మళ్లీ ఖోఖో ఆడతానా అని అడిగావు కదా. మొదటి ఏడాది వద్దు. ఒక్కసారిగా లేచి ఉరకడం, గుద్దుకోవడం, మట్టిలో డైవ్ కొట్టి మోకాళ్లు గీరుకోవడం, ఈ మూడూ మనకు గిట్టనివే, చిన్న గీత కూడా మనకు ఇన్‌ఫెక్షన్‌కి దారి. కానీ ఆటే వద్దు అని నీకు ఎవరైనా చెబితే ఒప్పుకోకు. అమెరికా గోల్ఫర్ ఎరిక్ కాంప్టన్‌కు 1992లో ఒకసారి, 2008లో ఇంకోసారి గుండె మార్చారు, మూడో గుండెతో 2014 యూఎస్ ఓపెన్‌లో రెండో స్థానం పంచుకున్నాడు. అవయవాలు మార్పిడి చేయించుకున్న వాళ్ల కోసమే 1978లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ప్రపంచ క్రీడలు మొదలయ్యాయి, 2025లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో జరిగాయి, పరుగు, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ అన్నీ ఉంటాయి. నువ్వు బ్యాడ్మింటన్‌తో మొదలుపెట్టు. ఎముక అతుక్కుని, డాక్టర్ ఒప్పుకున్నాక, ముందు నెట్ దగ్గర మెల్లగా ర్యాలీలు, స్మాష్‌లు చాలా తర్వాత. ఏడాది గడిచి రిపోర్టులు బాగుంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను పరీక్షించే టీఎంటీ చేయించి, అది చూసి ఖోఖో గురించి మాట్లాడుకుందాం.

మీ అమ్మ నిన్ను మంచం దిగనివ్వట్లేదంటే ఆమె భయం నాకు తెలుసు, మా ఇంట్లో కూడా అదే జరిగింది. ఇదేదో కొత్త వైద్యం, ఏమవుతుందో అంటోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటిసారి గుండె మార్చి నిలబెట్టింది 1994లో, చేసిన డాక్టర్ వేణుగోపాల్ మన తెలుగువాడే, అని చెప్పు. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైల్లో ఒక గుండెను తీసుకెళ్లారు, అది మన నల్లగొండ రైతుది. అంత దుఃఖంలో కూడా ఒక కుటుంబం సంతకం పెడితేనే మనకు ఈ గుండె దొరికింది. వాళ్లు ఎవరో నాకూ తెలియదు, నీకూ తెలియదు, కానీ నడక ఎగ్గొట్టాలనిపించిన పొద్దున నేను వాళ్లనే తలుచుకుని చెప్పులేసుకుంటాను.

వచ్చే బయాప్సీ రిపోర్ట్ బాగుందంటే నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం పొద్దున ఆరింటికి ఉదయసముద్రం కట్ట దగ్గర ఉంటా, అమ్మను కూడా తీసుకురా, ఆమె కూడా మనతో నడవాలి. షూస్ ఈ వారమే కొనుక్కో, పాత సైజు అని చెప్పి తెచ్చుకోకు, సాయంత్రం పాదాలు కొంచెం వాచి ఉన్నప్పుడు షాపుకి పోయి తొడిగి చూసుకుని కొను. మాస్కు, నీళ్ల బాటిల్ మర్చిపోకు.

మీ పీఈటీ సార్