లాబ్‌స్టర్ తోకలు రబ్బరులా సాగకుండా ఇంట్లో ఎలా వండుకోవాలి?

పెళ్ళిరోజుకని ఫ్రోజెన్ లాబ్‌స్టర్ తోకలు నాలుగు కొన్నామని, పోయినసారి రొయ్యల ఇగురులా ఉడికిస్తే రబ్బరులా సాగి ఎవరూ తినలేకపోయారని రాశారు. ఈసారి ఓవెన్‌లో పెట్టాలా, మన మసాలాతో చేయొచ్చా అన్నది మీ ప్రశ్న. రెండూ చేయొచ్చు. మేము బోస్టన్ దగ్గర ఉంటాం, మా ఇంట్లో రెండు రకాలుగానూ చేస్తాం. ఏ రకంగా చేసినా తూకాన్ని బట్టి నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. ఇంకాస్త ఉడకాలేమో అనిపించే దశలోనే దించేయాలి. మసాలా, వెన్న, నిమ్మకాయ ఇవన్నీ దాని తర్వాతే.

పోయినసారి ఏం జరిగి ఉంటుందో చెప్తాను. ఇగురుకి మనం ముందు రొయ్యల్ని పసుపు, ఉప్పు వేసి నీళ్ళు ఇగిరేదాకా ఉడికిస్తాం. తర్వాత మళ్ళీ మసాలాలో మగ్గిస్తాం. రొయ్య దాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. లాబ్‌స్టర్ తోక తట్టుకోదు. ప్రమాదం వస్తే తోకని ఒక్కసారి ముడిచి వెనక్కి దూకుతుంది ఆ జీవి, మనం తినే కండంతా ఆ పనికి ఉన్నదే. లోపల 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుండగానే అది తినడానికి తయారు. అక్కడి నుంచి వేడి పెరిగేకొద్దీ కండ బిగుసుకుపోయి లోపలి నీళ్ళని బయటికి పిండేస్తుంది. మటన్ అయితే ఇంకో అరగంట ఉంచితే మెత్తబడుతుంది. దీన్ని ఎంత ఉడికిస్తే అంత గట్టిపడుతుంది.

వండే ముందు ఒకసారి ప్యాకెట్ చదవండి. కెనడా, అమెరికాలోని మెయిన్ రాష్ట్రం వైపు నుంచి వచ్చేవి చల్లటి నీళ్ళ లాబ్‌స్టర్లు. కండ తియ్యగా, మెత్తగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. కరీబియన్, ఫ్లోరిడా వైపు నుంచి వచ్చేవి ముళ్ళ జాతి. వాటికి పెద్ద కొండీలు ఉండవు, పెంకు మీద పసుపు తెలుపు మచ్చలు కనిపిస్తాయి. మన విశాఖ వైపు వలల్లో పడేవి కూడా కొండీలు లేని ఈ ముళ్ళ జాతివే. వీటి కండ కొంచెం గట్టిగా ఉంటుంది కాబట్టి మసాలాకి బాగా నిలుస్తుంది. పదార్థాల్లో సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే, నీళ్ళు పట్టి ఉంచడానికి దాన్ని కలిపారని అర్థం. అలాంటి తోక పొయ్యి మీద నీళ్ళు వదులుతుంది, ముందే కాస్త ఉప్పగా కూడా ఉండొచ్చు. రుచి చూశాకే ఉప్పు వేయండి. లాబ్‌స్టర్ పేరు తప్ప ఇంకేమీ లేని ప్యాకెట్ దొరికితే నేనైతే అదే కొంటాను.

గడ్డకట్టిన తోకని అలాగే పొయ్యి ఎక్కించొద్దు. పైన గట్టిపడే సమయానికి లోపల ఇంకా ఐసు ఉంటుంది. ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టేయండి. గాలి తీసేసిన వ్యాక్యూమ్ ప్యాకెట్ అయితే దాన్ని కత్తిరించి, తోకల్ని బయటికి తీసి, మూత ఉన్న గిన్నెలో పెట్టి కరగనివ్వండి. గాలి ఆడని ప్యాకెట్‌లో కొన్ని ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరిగే వీలుంటుంది. రాత్రి మర్చిపోతే జిప్ కవర్లో వేసి చల్లటి నీళ్ళలో ముంచండి, మధ్యలో నీళ్ళు మారుస్తూ ఉంటే గంటలోపు కరుగుతాయి. వేడినీళ్ళు, మైక్రోవేవ్ వద్దు, అంచులు అక్కడే ఉడికిపోతాయి. కరిగాక వాసన చూడండి. సముద్రం వాసన ఉంటే సరే. ముక్కుకి ఘాటుగా అమ్మోనియా వాసన తగిలితే పారేయండి, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

ఓవెన్‌లో పెట్టే తోకల్ని కోయడానికి కత్తి కంటే కిచెన్ కత్తెర మేలు. ముళ్ళ జాతి తోకల అంచులు గీసుకుంటాయి కాబట్టి ఎడమ చేతిలో మందపాటి గుడ్డ పెట్టుకుని తోకని పట్టుకోండి. పైపెంకు నడిమధ్యన, లావుగా ఉన్న వైపు నుంచి కత్తెర మొన దూర్చి, చివర విసనకర్రలా విచ్చుకునే రెక్కల దాకా కత్తిరించుకుంటూ వెళ్ళి అక్కడ ఆగాలి. రెక్కల్ని కత్తిరించొద్దు. కత్తెర మొనని పెంకుకి ఆనించి పైకే ఉంచితే కండ చిరగదు. ఇప్పుడు రెండు బొటనవేళ్ళతో పెంకుని పక్కలకి విరిచినట్టు తెరవండి, టప్ మని చిన్న చప్పుడు వస్తుంది. పచ్చి కండ పెంకుని గట్టిగా పట్టుకుని ఉంటుంది. వేలు గానీ చెంచా వెనక వైపు గానీ పెంకుకీ కండకీ మధ్య పోనిచ్చి నెమ్మదిగా విడదీయాలి. తోక చివర మాత్రం అంటిపెట్టుకునే ఉండనివ్వండి. కండని పైకెత్తి, తెరిచిన పెంకుని కింద దగ్గరికి నొక్కి, దాని మీద కూర్చోబెట్టండి. మధ్యలో నల్ల నరం కనిపిస్తే రొయ్యకి తీసినట్టే లాగేయండి. కాగితంతో తడి అద్దేయండి. మన అలవాటు కొద్దీ పసుపు, ఉప్పు రాసి నాలుగైదు నీళ్ళు కడగాలనిపిస్తుంది. ఒక్కసారి చల్లటి నీళ్ళ కింద తిప్పితే చాలు, నానబెడితే ఆ తియ్యదనం నీళ్ళపాలవుతుంది.

మీ దగ్గర నాలుగు ఉన్నాయి కాబట్టి రెండు ఓవెన్‌లో, రెండు ఇగురు చేయండి. ఇగురు మసాలా ముందే చేసి పక్కన పెట్టుకుంటే రెండూ ఒకే వేళకి వేడివేడిగా వస్తాయి.

ఓవెన్‌లో వీటికి బ్రాయిల్ సెట్టింగ్, అంటే పైనుంచి మాత్రమే వేడి తగిలేది, వాడాలి. పైనున్న కాయిల్‌కి అయిదారు అంగుళాల దూరంలో ట్రే ఉండేలా అర సర్దుకుని, ముందే బాగా వేడెక్కనివ్వండి. వెన్న బదులు నెయ్యి రాయండి. ఇక్కడి రెస్టారెంట్లలో లాబ్‌స్టర్ పక్కన చిన్న గిన్నెలో ఇచ్చే కరిగిన వెన్న చాలాచోట్ల మడ్డి తేల్చి వడగట్టినదే, అంటే దాదాపు మన నెయ్యే. మామూలు వెన్నలోని పాల పదార్థం ఆ వేడికి మాడుతుంది, నెయ్యి మాడదు. పైన కొంచెం మిరియాల పొడి చాలు. కారం ఇప్పుడే చల్లితే నల్లబడి చేదెక్కుతుంది. దాన్ని వెల్లుల్లితో కలిపి విడిగా కాచిన నెయ్యిలో వేసి, దించాక పోసుకోండి.

ఇక సమయం. ఒక్కో ఔన్సుకి (సుమారు 28 గ్రాములు) ఒక నిమిషం, కాస్త పైన. నాలుగైదు ఔన్సుల తోకకి అయిదారు నిమిషాలు, ఎనిమిది ఔన్సులదానికి ఎనిమిది నుంచి పది. ఒక్కో ఓవెన్ మంట ఒక్కోలా ఉంటుంది కాబట్టి నాలుగో నిమిషం నుంచి తలుపు దగ్గరే ఉండండి, ఫోన్ వచ్చినా తీయొద్దు. పెంకు ఎర్రబడిందని దించొద్దు. ఆ ఎరుపు రంగు పెంకులో ముందే ఉంటుంది, ఒక ప్రోటీన్ దాన్ని కప్పి ఉంచుతుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది, అప్పటికి లోపలి కండ ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. చూడాల్సింది కండని. గాజులా మెరిసే పచ్చిదనం పోయి పాలతెలుపులోకి వచ్చిందా అని లావు భాగంలో చూడాలి. థర్మామీటర్ ఉంటే ఇంకా నయం. 140 ఫారెన్‌హీట్ (60 సెల్సియస్) చూపించగానే బయటికి తీసి రెండు నిమిషాలు వదిలేస్తే, లోపలి వేడికే అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే 145కి చేరుతుంది. చేరిందని చూసుకుని నెయ్యి పోసి, నిమ్మకాయ పిండండి. నిమ్మరసంలో ముందే నానబెట్టడం మాత్రం వద్దు, పులుపుకే కండ బిగుస్తుంది.

ఇగురు సంగతి. దీనికి రెండు తోకల కండ పచ్చిగానే పూర్తిగా బయటికి తీసేయాలి. కింది వైపు పల్చటి పొరని రెండు అంచుల వెంటా కత్తిరిస్తే సులువుగా ఊడి వస్తుంది. అంగుళం ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెట్టండి. పెంకులు పారేయొద్దు. మా అత్తగారిది భీమవరం, రొయ్య తలకాయ కూడా వృథా పోనివ్వని మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు నేను పెంకులు చెత్తబుట్ట వైపు తీసుకెళ్తుంటే ఆపి, ఆవిడే ఈ పద్ధతి చూపించారు. పెంకుల్ని రెండు మూడు ముక్కలు చేసి, చెంచాడు నూనెలో ఒక ఉల్లిపాయ ముక్కతో ఎర్రబడేదాకా వేయించాలి. మూడు కప్పుల నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు సన్నటి మంట మీద మరిగించి వడగట్టాలి. నారింజ రంగులో, వంటింటి నిండా వాసనతో వచ్చే ఆ నీళ్ళే ఇగురుకి ప్రాణం.

ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి, కరివేపాకు, పచ్చిమిర్చితో బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, చెంచాడు కారం, అర చెంచా ధనియాల పొడి వేసి పచ్చి వాసన పోనివ్వండి. టమాటా వేస్తే ఒక చిన్నది చాలు, నేను వేయను. పెంకుల నీళ్ళు కప్పు చొప్పున పోస్తూ నూనె తేలేదాకా దగ్గరికి రానివ్వండి. మసాలా పూర్తిగా ఉడికి, రుచి సరిపోయి, ఇక దించేద్దాం అనుకున్న చోట ముక్కలు వేయాలి. చిన్న మంట మీద మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, ఒక ముక్క విరిచి చూడండి. మధ్యలో తెల్లబడి ఉంటే స్టవ్ ఆపేయండి. చిటికెడు గరం మసాలా, కొత్తిమీర చల్లి అయిదు నిమిషాలు మూత తీయకుండా ఉంచండి. వేడి అన్నంలో ఈ ఇగురు కలుపుకున్నాక మా ఇంట్లో ఆ రోజుకి ఇంకో కూర ఎవరూ అడగరు.

భోజనానికి బయటివాళ్ళు ఎవరైనా వస్తుంటే, రొయ్యలు పడతాయో లేదో ముందే అడగండి. రొయ్య పడనివాళ్ళలో చాలామందికి లాబ్‌స్టర్ కూడా పడదు. దానికి కారణమయ్యే ప్రోటీన్ ఎంత ఉడికించినా పోదు కాబట్టి బాగా వండాం కదా అని పెట్టకూడదు. అదే గరిటెతో వేరే కూర కలపకూడదు కూడా.

మిగిలినదాన్ని ఏం చేయాలని కూడా అడిగారు. ఇగురు మిగిలితే మసాలా వేరుగా తీసి వేడి చేసి, ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కలు చివర్లో కలిపేయండి. ఓవెన్ తోక మిగిలితే మళ్ళీ వేడి చేయకుండా చల్లగానే ముక్కలు చేసి, మయోనైజ్, నిమ్మరసం, మిరియాలతో కలిపి బన్నులో పెట్టుకోండి. మెయిన్ వైపు రోడ్డు పక్క దుకాణాల్లో లాబ్‌స్టర్ రోల్ అని అమ్మేది ఇలాగే ఉంటుంది. మూడు రోజుల్లోపు తినేయండి.